దొంగ బిల్లుల నుంచి పాల సంఘాన్ని కాపాడుకోవడం ఎలా?

మన సంఘంలో పాలు పోసే సభ్యుడు ఎంత నమ్మకస్తుడైనా ఆయన పాలకు పరీక్ష తప్పదు. నమూనా తీస్తాం, వెన్న శాతం చూస్తాం, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తాం, ఆ తరువాతనే రేటు కడతాం. దీనిని ఎవ్వరూ అవమానంగా భావించరు. పరీక్ష ఉన్నందువల్లనే సంఘం మీద అందరికీ నమ్మకం నిలిచింది. అయితే అదే సంఘానికి తపాలాలోనో, వాట్సాప్‌లోనో, మోటారు సైకిలు మీద వచ్చిన మనిషి చేతిలోనో ఒక బిల్లు వచ్చినప్పుడు దానికి ఏ పరీక్ష చేస్తున్నాం? చాలా సంఘాలలో బిల్లు మీద మొత్తం చూడడం, బ్యాంకులో డబ్బు ఉందో లేదో చూడడం, చెల్లించడం – ఇంతటితో పని ముగుస్తున్నది. ఈ సందు గుండానే దొంగ బిల్లులు లోపలికి వస్తున్నాయి.

తెల్లనివన్నీ పాలు కానట్లే, అచ్చువేసిన కాగితాలన్నీ బిల్లులు కావు. ఇవ్వని సరుకుకు, చేయని పనికి, లేదా ఇచ్చిన సరుకుకే రెండోసారి డబ్బు అడిగే కాగితాన్ని దొంగ బిల్లు అంటాం. నిజమైన వ్యాపారి పేరు పెట్టుకుని వేరొకరి ఖాతాకు డబ్బు రప్పించుకునే కాగితం కూడా దొంగ బిల్లే. ఇది మన గ్రామాలలో చదువు తక్కువ కాబట్టి జరిగే మోసం అనుకోరాదు. 2013 నుంచి 2015 వరకు లిథువేనియా దేశస్థుడు ఎవల్దాస్ రిమసౌస్కస్ అనే వ్యక్తి తైవాన్‌లోని క్వాంటా కంప్యూటర్ అనే కంపెనీ పేరుతోనే లాట్వియాలో మరో కంపెనీని రిజిస్టరు చేసి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలకు బిల్లులు పంపాడు. ఆ రెండు సంస్థలూ అసలు కంపెనీతో నిజంగానే వ్యాపారం చేస్తున్నవి కావడంతో అనుమానించలేదు. 12 కోట్ల డాలర్లకు పైగా అతని ఖాతాలకు చేరాయి. 2019 డిసెంబరులో అమెరికా న్యాయస్థానం అతనికి 5 సంవత్సరాల జైలు శిక్ష విధించింది. ఇక్కడ మనం గమనించవలసినది ఒక్కటే. మోసగాడు తాళం పగలగొట్టలేదు. బిల్లు పంపాడు, వాళ్ళే చెల్లించారు.

నష్టం ఎవరిది?

సంఘం డబ్బు అంటే ఎవరిదో డబ్బు కాదు. రోజుకు 300 లీటర్లు సేకరించే ఒక చిన్న సంఘాన్ని తీసుకుందాం. ఖర్చులన్నీ పోను లీటరుకు ఒక రూపాయి సంఘానికి మిగులుతుందనుకుంటే రోజుకు 300 రూపాయలు. 18,000 రూపాయల దొంగ బిల్లు ఒక్కటి చెల్లిస్తే 60 రోజుల మిగులు పోయినట్లే. రెండు నెలలపాటు తెల్లవారుజామున లేచి పాలు పితికి తెచ్చిన వారందరి కష్టం ఒక్క సంతకంతో చేయి దాటిపోతుంది. సంవత్సరాంతంలో బోనసు తగ్గుతుంది, దూడల మందులకు, గ్రాస విత్తనాలకు కేటాయింపు తగ్గుతుంది. పాల బిల్లు రెండు రోజులు ఆలస్యమైతే సభ్యుడు ప్రైవేటు వ్యాపారి దగ్గరకు పోతాడు. కావున ఈ విషయం కార్యదర్శికి, అధ్యక్షులకు మాత్రమే సంబంధించినది కాదు. పాలు పోసే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తెలుసుకోవలసినది.

పాలకవర్గం వారు మరొకటి గుర్తుంచుకోవాలి. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘాలలో నమ్మకద్రోహం వల్లగాని, బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యం వల్లగాని సంఘానికి నష్టం కలిగితే, ఆ నష్టాన్ని బాధ్యుల నుంచి వడ్డీతో రాబట్టడానికి 60వ సెక్షను వీలు కల్పిస్తున్నది. దీనినే సర్‌ఛార్జి అంటారు. ‘నాకు తెలియక సంతకం పెట్టాను’ అనే మాట అన్నివేళలా రక్షించదు.

దొంగ బిల్లులు ఏయే రూపాలలో వస్తాయి?

మొదటి రకం, అడగని సేవకు బిల్లు. ‘మీ సంఘం పేరు వ్యాపార డైరెక్టరీలో వేశాం, రుసుము చెల్లించండి’, ‘మీ పాల పరీక్ష యంత్రం వార్షిక నిర్వహణ ఒప్పందం గడువు ముగిసింది, వెంటనే పునరుద్ధరించండి’, ‘ఆహార భద్రతా రిజిస్ట్రేషను రెన్యూవలు రుసుము బాకీ ఉంది’ – ఇటువంటివి. కాగితం మీద ప్రభుత్వ ముద్రను పోలిన ముద్ర ఉంటుంది, ఎర్ర అక్షరాలలో గడువు ఉంటుంది. మొత్తం మాత్రం చిన్నది, రెండు మూడు వేలు. ‘ఇంత చిన్న మొత్తానికి విచారణ ఎందుకు’ అని మనం చెల్లిస్తామని వారికి తెలుసు. ప్రభుత్వ రుసుములు ప్రభుత్వ వెబ్‌సైటులోగాని, కార్యాలయంలోగాని కట్టి రశీదు తీసుకోవాలి. ఏ ఇన్‌స్పెక్టరూ తన సొంత ఫోను నంబరుకు డబ్బు పంపమని అడగరాదు. అడిగితే మాకు, అంటే మీ సర్కిలు తనిఖీ అధికారులకు, వెంటనే తెలియజేయండి.

రెండవ రకం, ఖాతా మార్పిడి. మనకు ఏళ్ళ తరబడి దాణా ఇస్తున్న వ్యాపారి పేరుతో ఒక ఉత్తరమో వాట్సాపో వస్తుంది. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ కొత్త నంబరుకు పంపగలరు’ అని ఉంటుంది. బిల్లు నిజమైనదే, బస్తాలు నిజంగానే వచ్చాయి, మొత్తం సరిగ్గానే ఉంది. ఖాతా ఒక్కటే దొంగది. అన్నిటికంటే ప్రమాదకరమైన రకం ఇదే, ఎందుకంటే ఇందులో అనుమానించడానికి వేరే ఏ గుర్తూ ఉండదు. నెల తరువాత అసలు వ్యాపారి ‘నా డబ్బు ఏదీ?’ అని వచ్చినప్పుడుగాని సంగతి బయటపడదు. ఆయనకు మళ్ళీ చెల్లించక తప్పదు.

మూడవ రకం, ఒకే బిల్లు రెండుసార్లు. మొదటిసారి అసలు కాగితం, రెండవసారి జిరాక్సు కాగితం లేదా ఫోనులో ఫొటో. ఒక్కొక్కప్పుడు ఇది కేవలం వ్యాపారి గుమాస్తా పొరపాటు కావచ్చు. పొరపాటైనా మోసమైనా సంఘం నష్టం ఒక్కటే.

నాల్గవ రకం, ఎక్కువ వేసిన బిల్లు. బిల్లులో 50 బస్తాలు, లారీ నుంచి దిగినవి 46. బిల్లులో 50 కిలోల బస్తా, తూస్తే 47 కిలోలు. సరుకు దిగిన సమయంలో లెక్కపెట్టి తూచినవారు లేకపోతే తరువాత ఎవ్వరూ నిరూపించలేరు.

ఐదవ రకం, ముందుగా డబ్బు అడిగే ప్రొఫార్మా బిల్లు. ‘సబ్సిడీపై పాలు పితికే యంత్రం, గడ్డి కోసే యంత్రం మంజూరైంది. మీ వాటా ముందుగా పంపితే సరుకు బయలుదేరుతుంది’ అంటారు. ప్రొఫార్మా అంటే ధరల అంచనా మాత్రమే, అది బాకీ కాదు. సబ్సిడీ పథకమేదైనా ఉంటే పశుసంవర్ధక శాఖ కార్యాలయంలోనో, సమాఖ్య కార్యాలయంలోనో అడిగితే తెలుస్తుంది.

ఆరవ రకం, భయపెట్టే బిల్లు. ‘మీ కరెంటు బిల్లు బాకీ ఉంది, ఈ రాత్రి 9 గంటలకు సరఫరా నిలిపివేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని సందేశం వస్తుంది. బల్క్ కూలరులో వెయ్యి లీటర్ల పాలున్న సంఘానికి ఇంతకంటే పెద్ద భయం లేదు. ఆ భయంలోనే కార్యదర్శి ఫోను చేస్తాడు. అవతలివాడు ఒక యాప్ వేసుకోమంటాడు, లేదా ఒక ఫైలు పంపి తెరవమంటాడు. దానితో మన ఫోను వాడి చేతిలోకి పోతుంది. ఇటువంటి సందేశం వస్తే అందులోని నంబరుకు ఫోను చేయరాదు. పాత కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు చెప్పి 1912కు గాని, సబ్‌స్టేషనుకు గాని ఫోను చేసి కనుక్కోవాలి.

ఒక్క పరీక్ష చాలదు

పాల సంగతి తెలిసిన సభ్యులకు ఒక పోలికతో చెబుతాం. పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. వెన్న తీసివేస్తే రీడింగు పెరుగుతుంది. తెలివైన దొంగ వెన్న కొంత తీసి, నీళ్ళు కొన్ని పోసి రెండింటినీ సరిపెడతాడు. అప్పుడు లాక్టోమీటరు ఒక్కదానినే చూస్తే పాలు మంచివే అనిపిస్తాయి. వెన్న శాతం కూడా చూసినప్పుడే మోసం బయటపడుతుంది. బిల్లు విషయమూ ఇంతే. జీఎస్టీ నంబరు సరైనదే కావచ్చు, దానిని నిజమైన వ్యాపారి బిల్లు నుంచి కాపీ కొట్టి ఉండవచ్చు. సంతకం అచ్చు అలాగే ఉండవచ్చు, స్కాన్ చేసి అతికించి ఉండవచ్చు. అందుచేత ఒక గుర్తును చూసి తృప్తి పడరాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు చేతులతో తయారైన కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూడాలి.

మూడు కాగితాల పద్ధతి

ఏ బిల్లుకైనా మూడు కాగితాలు ఉండాలి.

ఒకటి, మనం ఇచ్చిన ఆర్డరు. ఏ సరుకు, ఎంత, ఏ ధరకు, ఎవరి నుంచి అన్నది రాసి అధ్యక్షులు సంతకం చేసిన కాగితం. పెద్ద కొనుగోళ్ళకు పాలకవర్గ తీర్మానం నంబరు కూడా వేయాలి. ఫోనులో ఆర్డరు చెప్పినా అదే రోజు ఆర్డరు పుస్తకంలో రాసుకోవాలి.

రెండు, సరుకు చేరిన కాగితం. లారీ వచ్చినప్పుడు బస్తాలు లెక్కపెట్టి, పదింటిలో ఒకటైనా తూచి, తేదీ, సమయం, బండి నంబరు రాసి, దింపుకున్నవారు సంతకం చేయాలి. అదే రోజు స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. మరమ్మతు పనులైతే యంత్రం పనిచేస్తున్నదని టెస్టరు రాసి ఇవ్వాలి.

మూడు, వ్యాపారి ఇచ్చిన బిల్లు.

ఈ మూడింటిలోనూ సరుకు పేరు, పరిమాణం, ధర ఒకటిగా ఉంటేనే చెల్లింపు. ఆర్డరు లేని బిల్లును, సరుకు చేరని బిల్లును పక్కన పెట్టాలి. ఇంత మాత్రం చేస్తే పైన చెప్పిన ఆరు రకాలలో నాలుగు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. అడగని సేవకు ఆర్డరు ఉండదు. రాని సరుకుకు స్టాకు రిజిస్టరులో పద్దు ఉండదు. తక్కువ దిగిన బస్తాలు తూకం కాగితంలో పట్టుబడతాయి. ముందుగా డబ్బు అడిగే ప్రొఫార్మాకు రెండవ కాగితమే ఉండదు.

రెండుసార్లు వచ్చే బిల్లుకు మందు వేరు. చెల్లించిన ప్రతి బిల్లు మీద ‘చెల్లించబడినది’ అని రబ్బరు ముద్ర వేసి, వోచరు నంబరు, తేదీ రాయాలి. అలాగే ఒక నోటుపుస్తకంలో వ్యాపారి వారీగా బిల్లు నంబర్లు రాసుకుంటూ పోవాలి. కొత్త బిల్లు రాగానే ఆ పేజీ తిప్పి చూస్తే అర నిమిషంలో తెలుస్తుంది. జిరాక్సు బిల్లుకు, ఫోను ఫొటోకు ఆ పుస్తకం చూడకుండా చెల్లించరాదు.

బిల్లు కాగితం మీద ఏమేమి చూడాలి?

జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి బిల్లు మీద 15 అక్షరాల నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, గుజరాత్‌కు 24. తరువాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరు. చిరునామా విజయవాడ అని ఉండి నంబరు వేరే రాష్ట్రపు అంకెలతో మొదలైతే ఎందుకో అడగాలి. వ్యాపారి, మనం ఒకే రాష్ట్రంలో ఉంటే పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సమాన భాగాలుగా ఉంటుంది. వేరే రాష్ట్రం నుంచి సరుకు వస్తే ఐజీఎస్టీ అని ఒకటిగా ఉంటుంది. నకిలీ బిల్లు తయారుచేసేవారు తరచు ఇక్కడ తప్పులో కాలేస్తారు.

జీఎస్టీ శాఖ వెబ్‌సైటులో ‘సెర్చ్ టాక్స్‌పేయర్’ అన్న చోట ఆ నంబరు కొడితే ఆ వ్యాపారి అసలు పేరు, వ్యాపార పేరు, నమోదైన తేదీ, నమోదు అమలులో ఉన్నదా రద్దయినదా అన్నవి కనిపిస్తాయి. దీనికి రుసుము లేదు, లాగిన్ అవసరం లేదు. కార్యదర్శికి చేతకాకపోతే ఊళ్ళో చదువుకునే పిల్లలెవరైనా రెండు నిమిషాలలో చూసిపెడతారు. కొత్త వ్యాపారి నుంచి మొదటిసారి కొనేటప్పుడు దీనిని తప్పక చూసి, ఆ పేజీని ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోవాలి.

చిన్న వ్యాపారులకు జీఎస్టీ నమోదు లేకపోవడం తప్పు కాదు. అయితే నమోదు లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయరాదు. ఇది చట్టం. పశువుల దాణాకు 2017 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. దాణా బిల్లులో జీఎస్టీ కలిపి ఉంటే చెల్లించే ముందు అడగాలి. తాజా పాల మీద జీఎస్టీ లేనందున చాలా గ్రామ సంఘాలకు జీఎస్టీ నమోదే ఉండదు. మనం కట్టిన పన్ను మనకు తిరిగి రాదు. కాబట్టి అక్రమంగా వేసిన పన్ను ప్రతి రూపాయీ సభ్యుల జేబులోంచి పోయేదే.

వీటితోపాటు బిల్లు నంబరు, తేదీ, కూడికలు చూడాలి. ఆరు నెలల వ్యవధిలో ఒకే వ్యాపారి ఇచ్చిన బిల్లుల నంబర్లు 101, 102, 103 అని వరుసగా ఉంటే, ఆ వ్యాపారికి ప్రపంచంలో మన సంఘం తప్ప మరో ఖాతాదారు లేడని అర్థం. అటువంటి బిల్లు పుస్తకం గురించి గట్టిగా ఆలోచించాలి.

ఖాతా నంబరు దగ్గర అసలు జాగ్రత్త

మన దేశంలో ఆన్‌లైనులో డబ్బు పంపినప్పుడు అది ఖాతా నంబరు ఆధారంగానే జమ అవుతుంది. పేరు దాణా కంపెనీదని మనం రాసినా, నంబరు వేరొకరిదైతే డబ్బు వేరొకరికే పోతుంది. ఈ కిటుకు మీదనే ఖాతా మార్పిడి మోసం నడుస్తున్నది. పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయాన్ని ఆర్.టి.జి.ఎస్., నెఫ్ట్ పద్ధతులలో 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. మీ బ్యాంకులో ఈ సదుపాయాన్ని అడిగి వాడుకోండి. తెరమీద వచ్చిన పేరు బిల్లు మీది పేరుతో సరిపోకపోతే అక్కడే ఆగిపోవాలి.

దీనికి మించిన రక్షణ ఒక మామూలు పుస్తకం. ప్రతి సంఘమూ సరఫరాదారుల రిజిస్టరు పెట్టుకోవాలి. ఒక్కొక్క వ్యాపారికి ఒక పేజీ. పేరు, చిరునామా, ఫోను, జీఎస్టీ నంబరు, రద్దు చేసిన చెక్కు చూసి రాసుకున్న ఖాతా నంబరు, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు. పేజీ మీద అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరి సంతకాలు. చెల్లింపు ఎప్పుడైనా ఈ పుస్తకంలోని ఖాతాకే జరగాలి, బిల్లు మీది ఖాతాకు కాదు.

ఖాతా మారిందని ఎవరైనా తెలియజేస్తే, ఆ ఉత్తరంలో ఉన్న ఫోను నంబరుకు కాక, మన పుస్తకంలో ఉన్న పాత నంబరుకు ఫోను చేసి ఆ వ్యాపారితోనే మాట్లాడాలి. వీలైతే మనిషిని పంపి, కొత్త రద్దుచెక్కు తెప్పించుకోవాలి. పాలకవర్గం ముందు పెట్టి, ఆ తరువాతే పేజీలో మార్పు రాయాలి. ‘ఒక్క రూపాయి పంపి చూశాం, అందిందని చెప్పారు’ అంటే సరిపోదు. అందిందని చెప్పినవాడే దొంగ కావచ్చు.

ఈ సందర్భంలో మరొకటి. అధ్యక్షుల ఫొటో పెట్టుకున్న వాట్సాప్ నంబరు నుంచి ‘నేను మీటింగులో ఉన్నాను, ఫోను ఎత్తలేను, ఈ బిల్లు వెంటనే పంపించు’ అని కార్యదర్శికి సందేశం రావచ్చు. ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. అధ్యక్షులు నిజంగా చెప్పినా సరే, సంతకం లేకుండా చెల్లించకుండా ఉండడం కార్యదర్శి ధర్మం. అలా ఆపినందుకు కార్యదర్శిని కోప్పడకుండా ఉండడం అధ్యక్షుల ధర్మం. మరొక మాట, డబ్బు తీసుకోవడానికి యు.పి.ఐ. పిన్ అక్కరలేదు, డబ్బు ఇవ్వడానికే కావాలి. ‘మీకు డబ్బు వాపసు పంపుతున్నాం, పిన్ కొట్టండి’ అన్నవాడు దొంగ.

ఒక్కరి చేతిలో అన్నీ ఉండరాదు

చిన్న సంఘాలలో కార్యదర్శి ఒక్కరే పాలు తూస్తారు, లెక్కలు రాస్తారు, సరుకు దింపుకుంటారు, బ్యాంకుకు వెళతారు. జీతాలకు డబ్బు లేక ఇలా నడుస్తున్న మాట నిజమే. అయినా మూడు పనులను మాత్రం ముగ్గురికి పంచవచ్చు. ఆర్డరు ఇచ్చేది అధ్యక్షులు, సరుకు లెక్కపెట్టి దింపుకునేది టెస్టరు లేదా ఒక డైరెక్టరు, చెల్లింపు రాసేది కార్యదర్శి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. చెక్కు మీద ‘ఖాతాలో మాత్రమే జమ’ అని అడ్డగీతలు. ఖాళీ చెక్కుల మీద ముందుగా సంతకాలు చేసి పెట్టే అలవాటును ఈ రోజే మానాలి. ఓ.టి.పి. ఫోను ఒకరి దగ్గర, బ్యాంకు పాస్‌వర్డు మరొకరి దగ్గర ఉంచితే ఇంకా మంచిది.

దొంగ బిల్లు ఎప్పుడూ బయటివాడే తెస్తాడని లేదు. లోపలివారు బయటి వ్యాపారితో కలిసి తయారుచేసిన బిల్లులు కూడా ఉంటాయి. ఈ మాట ఎవరినీ అనుమానించమని చెప్పడం కాదు. పని పంచుకుంటే నిజాయితీపరుడైన కార్యదర్శికే ఎక్కువ మేలు. రేపు ఏదైనా తేడా వస్తే ఆయన ఒక్కడి మీదే నింద పడదు.

డబ్బు పోయిందని తెలిస్తే

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు. మోసపు ఖాతాలో పడ్డ డబ్బు గంటలలోనే మరికొన్ని ఖాతాలకు మారిపోతుంది. కనుక తెలిసిన నిమిషంలోనే 1930 నంబరుకు ఫోను చేయాలి. కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలో నడిచే ఈ సహాయ కేంద్రం ఆ డబ్బు ఏ బ్యాంకులో ఉంటే అక్కడ నిలిపివేయించడానికి ప్రయత్నిస్తుంది. ఎంత త్వరగా చెబితే అంత ఎక్కువ దక్కే అవకాశం ఉంటుంది. ఫోను చేసేటప్పుడు లావాదేవీ నంబరు, మన ఖాతా నంబరు, అవతలి ఖాతా నంబరు, మొత్తం, సమయం దగ్గర పెట్టుకోవాలి. వెనువెంటనే మన బ్యాంకుకు తెలియజేయాలి. ఆ తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టలులోగాని, పోలీసు స్టేషనులోగాని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

బిల్లు, కవరు, వాట్సాప్ సందేశాలు, ఫోను నంబర్లు అన్నీ భద్రపరచాలి. సిగ్గుపడి సందేశాలను చెరిపివేయరాదు, అవే సాక్ష్యం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను మోసానికి, 336వ సెక్షను ఫోర్జరీకి సంబంధించినవి. కంప్యూటరు లేదా ఫోను ద్వారా వేరొకరిలా నటించి మోసం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కూడా వర్తిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, దాచరాదు. నష్టాన్ని దాణా ఖర్చులోనో, రవాణా ఖర్చులోనో కలిపి సర్దితే మోసపోయినవాడు తానే మోసగాడిగా మారిపోతాడు. పాలకవర్గాన్ని సమావేశపరచి, జరిగినది జరిగినట్లు మినిట్స్ పుస్తకంలో రాసి, మాకు, సమాఖ్య కార్యాలయానికి తెలియజేయాలి. ఒక సంఘం చెబితే ఆ పక్క పది సంఘాలు తప్పించుకుంటాయి. అదే దొంగ అదే బిల్లును మండలంలోని ప్రతి సంఘానికీ పంపుతాడు. అలాగే ‘పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు కొంత కట్టండి’ అని ఆ తరువాత వచ్చే ఫోన్లను నమ్మరాదు. అది రెండవ మోసం.

సభ్యులు అడగవలసిన ప్రశ్నలు

సర్వసభ్య సమావేశంలో బోనసు ఎంత అని అడిగే సభ్యులు ఈ ప్రశ్నలు కూడా అడగాలని మా సలహా. సంఘంలో సరఫరాదారుల రిజిస్టరు ఉన్నదా? గత సంవత్సరంలో 5,000 రూపాయలు దాటిన చెల్లింపులు ఎవరెవరికి జరిగాయి? ఆ సరుకు స్టాకు రిజిస్టరులో ఉన్నదా? ఆర్డరు ఎవరు ఇచ్చారు, దింపుకున్నది ఎవరు? నెల నెలా చెల్లింపుల జాబితాను సేకరణ కేంద్రం నోటీసు బోర్డు మీద ఎందుకు పెట్టకూడదు? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన పాలకవర్గం ధైర్యంగా నిలబడుతుంది. చెప్పలేకపోతే సరిచేసుకోవడానికి అదే సమయం.

ఇవన్నీ కొత్త ఖర్చుతో కూడిన పనులు కావు. ఒక ఆర్డరు పుస్తకం, ఒక సరఫరాదారుల రిజిస్టరు, ఒక రబ్బరు ముద్ర, పాత నంబరుకు ఒక ఫోను. మొత్తం ఖర్చు ఒక దాణా బస్తా వెల కూడా కాదు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయాన్ని అజెండాలో చేర్చి, ఇకపై మూడు కాగితాలు లేకుండా ఏ బిల్లూ చెల్లించరాదని తీర్మానం చేయవలసిందిగా అన్ని సంఘాలను కోరుతున్నాము. ఈసారి మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కంటే ముందు ఆ రిజిస్టరునే అడుగుతాము.